ఏడు కాగితాలు, ఒక ప్రశ్న: అమెరికా చరిత్రను మూలపత్రాలతో నేర్పడం అంటే ఏమిటి?

పక్కింటి అమ్మాయి పదకొండో తరగతి. ఒక ఆదివారం సాయంత్రం లాప్‌టాప్ తెచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. తెర మీద ఏడు పత్రాలున్నాయి. ఒక ఉత్తరం, రెండు పత్రికా కథనాలు, ఒక కార్టూను, ఒక ఉపన్యాసంలో ముక్క, ఓ అంకెల పట్టిక, ఒక చట్టంలోంచి నాలుగు వాక్యాలు. పైన ఒకే ఒక్క ప్రశ్న. "అంకుల్, అన్నీ చదివాను. ఆన్సర్ ఏ డాక్యుమెంట్‌లో ఉందో దొరకట్లేదు" అంది. వెనకాలే వచ్చిన వాళ్ళమ్మ, "హిస్టరీ అంటే పుస్తకం చదివి రాయడమే కదండీ, ఇదేం పద్ధతి?" అన్నారు.

డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు ఇళ్ళలో ఈ మాట తరచుగా వినబడుతుంది. మనం చదివిన చరిత్ర పాఠం చివర ప్రశ్నలుండేవి, జవాబులు పాఠంలోనే ఉండేవి. ఇక్కడ ఆ లంకె తెగిపోయింది. ఆ అమ్మాయి ముందున్న ప్రశ్నను డీబీక్యూ అంటారు, అంటే డాక్యుమెంట్ బేస్డ్ క్వశ్చన్. హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చదివే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సు, అంటే ఏపీ యూఎస్ హిస్టరీ పరీక్షలో ఇది 1973 నుంచీ ఉంది. ఇప్పుడు ఏడు పత్రాలు ఇస్తారు, గంట టైమిస్తారు, అందులో పావుగంట చదవడానికి. మొత్తం మార్కుల్లో నాలుగో వంతు దీనికే. జవాబు ఏ ఒక్క పత్రంలోనూ ఉండదు. పత్రాల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, విద్యార్థే వాదన కట్టుకోవాలి.

ఈ పద్ధతి పరీక్ష దాటి ఇప్పుడు మామూలు తరగతుల్లోకీ బాగా వచ్చింది. దానికి పెద్ద కారణం ఇంటర్నెట్. ఒకప్పుడు వాషింగ్టన్ దాకా వెళ్ళి, అనుమతి తీసుకుని, చేతొడుగులు వేసుకుని చూడాల్సిన కాగితాలు ఇవాళ ఎనిమిదో తరగతి పిల్లాడి ఫోన్‌లో ఉన్నాయి. పైగా 2026తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్ళు. ఏ చరిత్ర చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న గొడవ మళ్ళీ రాజుకుంది. అందుకే ఈ మూలపత్రాల వ్యవహారాన్ని కాస్త నిదానంగా విప్పి చూద్దాం.

మూల ఆధారం అంటే ఏది?

ఒక సంఘటన జరిగిన కాలంలోనే, దాన్ని చూసినవాళ్ళో అందులో పాల్గొన్నవాళ్ళో వదిలి వెళ్ళినది మూల ఆధారం. మన పాఠ్యపుస్తకాల్లో ప్రాథమిక ఆధారం అంటారు. ఉత్తరం, డైరీ, కోర్టు తీర్పు, జనగణన పుస్తకం, ఫోటో, పత్రికలో ప్రకటన, అప్పు పత్రం అన్నీ ఇందులోకి వస్తాయి. ఆ తర్వాత వాటిని చదివి ఎవరైనా రాసిన పుస్తకం ద్వితీయ ఆధారం.

ఇంతవరకూ తేలికే. చిక్కు ఏమిటంటే, ఒకే కాగితం ఒక ప్రశ్నకు మూల ఆధారం, ఇంకో ప్రశ్నకు ద్వితీయ ఆధారం కావచ్చు. 1920ల నాటి స్కూలు పుస్తకంలో అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం (1861–65) గురించి ఒక పాఠం ఉందనుకోండి. 1863లో ఏం జరిగిందని అడిగితే ఆ పాఠం ద్వితీయ ఆధారం. 1920ల్లో పిల్లలకు ఆ యుద్ధం గురించి ఏం నూరిపోశారని అడిగితే అదే మూల ఆధారం. ముందు ప్రశ్న తేల్చుకోకుండా "ఇది ప్రైమరీనా, సెకండరీనా" అని పిల్లల చేత టిక్కులు పెట్టించడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఇంకో అపోహ కూడా ఉంది. మూల ఆధారం కాబట్టి అది నిజం అనుకోవడం. ఆ కాలంలోనూ అబద్ధాలు చెప్పినవాళ్ళున్నారు, భయపడ్డవాళ్ళున్నారు, మరిచిపోయినవాళ్ళున్నారు, డబ్బు కోసం రాసినవాళ్ళున్నారు. మూలపత్రం ఒక సాక్షి మాట. సాక్షిని అడగాల్సినవి అడగాలి.

ఈ కాగితాలు ఎక్కడ ఉంటాయి?

ఈ సంగ్రహాల్లో బాగా పాతదీ, పెద్దదీ అయిన వాటిలో ఒకటి అమెరికా జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌ది. 1990లో అమెరికన్ మెమరీ అనే పేరుతో ప్రయోగంగా మొదలుపెట్టి, 1994లో ఆన్‌లైన్‌లో పెట్టారు. పాత పత్రికల కోసం వాళ్ళదే క్రానిక్లింగ్ అమెరికా ఉంది. 2007లో మొదలై, ఇప్పటికి రెండు కోట్ల పేజీలు దాటింది. ప్రభుత్వ దస్తావేజులు నేషనల్ ఆర్కైవ్స్ దగ్గర ఉంటాయి. టీచర్ల కోసం వాళ్ళు 2010లో డాక్స్‌టీచ్ అనే సైటు తెరిచారు. 2013 ఏప్రిల్‌లో వచ్చిన డిజిటల్ పబ్లిక్ లైబ్రరీ ఆఫ్ అమెరికా దేశంలోని చాలా లైబ్రరీల, మ్యూజియంల సంగ్రహాల్ని ఒకేచోట వెతకనిస్తుంది, పాఠానికి సరిపోయే పత్రాల గుచ్ఛాల్నీ ఇస్తుంది. వీటికి డబ్బు కట్టక్కర్లేదు.

ఒక్క అంశాన్నే పట్టుకుని తవ్విన సంగ్రహాలు వేరే ఉన్నాయి. వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ఏయర్స్ మొదలుపెట్టిన వ్యాలీ ఆఫ్ ద షాడో అంతర్యుద్ధానికి చెరో పక్క ఉన్న రెండే రెండు కౌంటీల కాగితాల్ని ఎదురెదురుగా పెడుతుంది. స్లేవ్ వాయేజెస్ అనేది అట్లాంటిక్ మీద బానిసల్ని మోసిన 36,000 ఓడ ప్రయాణాల లెక్క. 2008లో మొదలైన సాడా, అంటే సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్, మన ఉపఖండం నుంచి వెళ్ళినవాళ్ళ ఉత్తరాలు, ఫోటోలు, కాగితాలు కూడబెడుతోంది.

సంఖ్యలు చూసి మురిసిపోయే ముందు ఒక మాట. నేషనల్ ఆర్కైవ్స్ దగ్గర ఉన్నవి 1,300 కోట్ల పేజీల పైమాటే. స్కాన్ అయి తెర మీదికి వచ్చింది అందులో చిన్న భాగం. ఏది ముందు స్కాన్ చేయాలో ఎవరో ఒకరు నిర్ణయించారు. నెట్‌లో లేదు కాబట్టి చరిత్రలోనే లేదని పిల్లలు అనుకునే ప్రమాదం ఇక్కడే పుడుతుంది.

ఒక ప్రకటన, ఒక చిత్తుప్రతి

పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడాలంటే రెండు కాగితాలు చాలు.

మొదటిది 1769 సెప్టెంబర్ 14 నాటి వర్జీనియా గెజిట్. అందులో ఒక చిన్న ప్రకటన ఉంది. ఆల్బెమార్ల్ కౌంటీ నుంచి శాండీ అనే బానిస పారిపోయాడు. వయసు 35 దాకా ఉంటుంది. పొట్టి మనిషి, కాస్త ఒళ్ళు చేసినవాడు. వృత్తి చెప్పులు కుట్టడం, ఆ పనికి ఎక్కువగా ఎడమచేయి వాడతాడు. మోటు వడ్రంగం వచ్చు, గుర్రాల పని తెలుసు. తాగుతాడు, తాగితే నోరు మంచిది కాదు, ప్రవర్తన టక్కరిది. ఒక తెల్ల గుర్రాన్ని తీసుకుపోయాడు. చెప్పులు కుట్టే పనిముట్లు కూడా పట్టుకుపోయాడు, ఆ పనే వెతుక్కుంటాడేమో. కౌంటీలోనే పట్టి తెస్తే 40 షిల్లింగులు, వర్జీనియా కాలనీలోనే మరోచోట పడితే నాలుగు పౌన్లు, వేరే కాలనీలో అయితే పది పౌన్లు.

కింద సంతకం: థామస్ జెఫర్సన్. ముందుముందు అమెరికా అధ్యక్షుడు కాబోయే ఆయన వయసు అప్పటికి 26.

రెండోది ఏడేళ్ళ తర్వాతది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతి, 1776 జూన్‌లో జెఫర్సన్ స్వహస్తంతో రాసినది. కొట్టివేతలు, వరుసల మధ్య ఇరికించిన మాటలు, అంచుల్లో చేర్పులు, అన్నీ స్కాన్‌లో కనిపిస్తాయి. ఈ సత్యాలు పవిత్రమైనవి, కాదనలేనివి అని మొదట రాసి, తర్వాత వాటంతట అవే తేటతెల్లమైనవి అని మార్చారు. ఆ చిత్తులోనే ఒక పొడవాటి పేరా ఉంది. బ్రిటిష్ రాజు తనకు ఏ కీడూ చేయని దూరదేశపు మనుషుల్ని పట్టి బానిసత్వంలోకి తోశాడని, మనుషుల్ని కొని అమ్మే సంతను తెరిచి ఉంచాలని పట్టుబట్టాడని అందులో నిందిస్తారు. మనుషులు అన్న మాటను జెఫర్సన్ పెద్ద అక్షరాల్లో రాశారు. కాలనీల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ ఆ పేరా మొత్తం తీసేసింది. మనం ఇవాళ చదివే ప్రకటనలో అది లేదు.

ఇప్పుడు ఈ రెంటినీ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టండి. మొదట పిల్లలు అనే మాట దాదాపు ఒకటే: "హిపోక్రిట్". అక్కడితో ఆపేస్తే ఒక తీర్పు దొరుకుతుంది, చరిత్ర మాత్రం దొరకదు. టీచర్ పని అప్పుడే మొదలవుతుంది.

ప్రకటన రాసిందెవరు? యజమాని. ఎందుకు? మనిషి దొరకాలని. దొరకాలంటే గుర్తులు నిజంగా ఉండాలి, లేకపోతే ప్రకటన ఖర్చు దండగ. అంచేత ఎడమచేయి, చెప్పుల పని, తెల్ల గుర్రం లాంటి వివరాలు చాలావరకు నమ్మొచ్చు. టక్కరి అన్న మాట సంగతి వేరు, అది యజమాని కోపం. ఆ కోపాన్ని పక్కకు తీసి చూస్తే కనిపించేది ఎవరు? మూడు పనులు తెలిసిన మనిషి, ముందుగా ఆలోచించుకుని, గుర్రాన్నీ బతుకుతెరువుకు పనిముట్లనూ తీసుకుని బయల్దేరిన మనిషి. శాండీ రాసిన ఒక్క అక్షరం కూడా మనకు లేదు. అతన్ని పట్టుకోవడానికి రాయించిన కాగితంలోంచే అతను మనకు తెలుస్తున్నాడు. ఆ తర్వాత ఏమైంది? అతను దొరికాడు. 1773లో జెఫర్సన్ అతన్ని వంద పౌన్లకు అమ్మేశారు. ఇది తెలిసేది మూడో కాగితం వల్ల, జెఫర్సన్ లెక్కల వల్ల.

ఇక తీసేసిన పేరా. దాన్ని ఎందుకు తీశారు? దక్షిణ కరోలినా, జార్జియాల మెప్పు కోసమనీ, బానిసల రవాణా చేసిన ఉత్తరాది సోదరులకూ అది గుచ్చుకుందనీ జెఫర్సన్ తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ ఆత్మకథ మొదలుపెట్టింది 1821లో. అంటే 45 ఏళ్ళ తర్వాత, 77 ఏళ్ళ వయసులో, తన పేరు ఎలా నిలవాలో తెలిసిన మనిషి రాసుకున్న మాట. తోసిపుచ్చలేం, అలాగని అదే ఆఖరి మాట అనీ అనలేం. మరో సంగతి: ఆ పేరా నిందంతా రాజు మీదికి నెడుతుంది. జీవితకాలంలో 600 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్న మనిషి అది రాశాడని తెలిశాక, ఆ పేరాను ధైర్యంగా చదవాలా, తప్పించుకోవడంగా చదవాలా? తరగతిలో ఈ రెండు వైపులా వాదించే పిల్లలు ఉంటారు, ఇద్దరూ పత్రంలోంచే మాటలు చూపించగలరు.

ఆ చిత్తులోనే నాకు ఎంతో ఇష్టమైన చుక్క ఒకటుంది. పౌరులు అన్న మాట కింద ఏదో చెరిపేసిన మరక. 2010లో ప్రత్యేకమైన కాంతి కెమెరాలతో ఫోటో తీసి చూస్తే, కింద ఉన్నది ప్రజలు, రాజు కింద ఉండే ప్రజలు అనే అర్థంలోని మాట అని తేలింది. జెఫర్సన్ దాన్ని గీత పెట్టి కొట్టేయలేదు, తడి ఆరకముందే తుడిచి దాని మీదే కొత్త మాట రాశారు. సబ్జెక్ట్ అన్న మాట సిటిజన్ అయిన ఆ క్షణం తుడిచిన సిరా మరకగా ఉండిపోయింది. ఏ పాఠ్యపుస్తకమూ దాన్ని ఇలా చూపించలేదు.

ఒకే మనిషి, రెండు కథలు

1936 నుంచి 1938 దాకా, ఆర్థిక మాంద్యంలో పనిలేని రచయితలకు పని కల్పించిన ప్రభుత్వ పథకం కింద, ఒకప్పుడు బానిసలుగా ఉన్న వృద్ధుల జ్ఞాపకాల్ని రాయించారు. 2,300కు పైగా కథనాలు, 500 దాకా ఫోటోలు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో అన్నీ ఉన్నాయి. బానిసత్వం గురించి బానిసల నోటి మాట ఇంత పెద్ద ఎత్తున దొరకడం అపురూపం. టీచర్లు మొదట వెళ్ళేది అక్కడికే, పొరపడేది కూడా అక్కడే.

దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో నూరేళ్ళు దాటిన ఒక ముసలమ్మ ఉండేది. ఒక కథనంలో ఆమె పేరు సూసన్ హామ్లిన్, ఇంకోదాంట్లో సూసన్ హామిల్టన్. మొదటిది రాసింది జెస్సీ బట్లర్ అనే తెల్లజాతి మహిళ. అందులో యజమాని ఫుల్లర్ మంచివాడు, దయగలవాడు. రెండోది రాసింది ఆగస్టస్ లాడ్సన్ అనే నల్లజాతి యువకుడు. అందులో కొరడా దెబ్బలున్నాయి. బిడ్డల్ని అమ్మేస్తుంటే తల్లుల ఏడుపులున్నాయి. ఒక జంటకు రాత్రి పెళ్ళయితే తెల్లారేసరికి పెళ్ళికూతుర్ని అమ్మేశారు, ఆమె తల్లి వీధిలో నిలబడి శాపనార్థాలు పెట్టింది.

ఒక్క కథనమే పిల్లల చేతికిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఏది ఇచ్చారన్న దాన్నిబట్టి పిల్లలు బానిసత్వం గురించి పూర్తిగా వేరే సంగతి నేర్చుకుంటారు. రెండూ ఇస్తేనే అసలు ప్రశ్న బయటికి వస్తుంది: ఎవరితో మాట్లాడుతోంది? 1937లో, జాతి వివక్ష చట్టాల కింద బతుకుతున్న ఒక నల్లజాతి ముసలమ్మ, ఇంటికొచ్చిన తెల్లామెకు ఏం చెప్పగలదు? చాలామంది ఈ వృద్ధులు కటిక పేదరికంలో ఉన్నారు, ప్రభుత్వం పంపిన మనిషి వల్ల పింఛను వస్తుందేమోనని ఆశపడ్డారు. లాడ్సన్‌కు చెప్పిందే అచ్చమైన నిజమా అన్నదీ అడగాలి. వినేవాడిని బట్టి మాట మారడం రెండు వైపులా ఉంటుంది. ఆమె యాసను రాతగాళ్ళు తమకు తోచినట్టు రాశారు, అది ఆమె గొంతో వాళ్ళ ఊహో అన్నది కూడా ప్రశ్నే.

ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ సేకరించిన గ్రామ చరిత్రలు, అంటే కైఫీయత్తులు చదివినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. కావలి సోదరులు ఊరూరా తిరిగి గ్రామ చరిత్రలు రాయించినప్పుడు, కంపెనీ దొర మనుషులు అడుగుతున్నారని తెలిసి ఊరివాళ్ళు మాన్యాల గురించి ఏం చెప్పి ఉంటారు, ఏం దాచి ఉంటారు అని మన పరిశోధకులూ ఆలోచించాల్సి వచ్చింది.

చరిత్రకారుడి కన్ను ముందు ఎక్కడ పడుతుంది?

సామ్ వైన్‌బర్గ్ అనే విద్యా మనస్తత్వవేత్త 1991లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి నాంది అయిన 1775 నాటి లెక్సింగ్టన్ పోరు మీద కొన్ని పత్రాలు, చిత్రాలు తీసుకుని, చరిత్రకారులకూ హైస్కూలు విద్యార్థులకూ ఇచ్చి, చదువుతూ పైకి ఆలోచించమన్నారు. ఆ చరిత్రకారుల్లో కొందరికి అమెరికా చరిత్ర అసలు ప్రత్యేక విషయం కూడా కాదు. అయినా వాళ్ళు పత్రం చేతికి రాగానే ముందు అడుగుకు వెళ్ళి, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని చూసుకున్నారు. పిల్లలు మాత్రం మొదటి పదం దగ్గర మొదలుపెట్టి చివరి పదం దాకా చదివారు. రాసినవాడి పేరు వాళ్ళకు పాఠంలో ఇంకో వాక్యం అంతే.

ఈ ఒక్క తేడా మీదే తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో వైన్‌బర్గ్ బృందం పాఠాలు కట్టింది. ఎవరు రాశారో చూడడం, ఆ కాలంలో పెట్టి చూడడం, మాటను పట్టి చదవడం, ఇతర పత్రాలతో పోల్చడం. రీడింగ్ లైక్ ఎ హిస్టారియన్ పేరుతో ఆ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. అవిషా రైస్మన్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఐదు హైస్కూళ్ళలో 236 మంది పదకొండో తరగతి విద్యార్థులతో ఆరు నెలలు పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఈ పాఠాలు చదివినవాళ్ళు చరిత్ర ఆలోచనలోనే కాకుండా, విషయాలు గుర్తుంచుకోవడంలోనూ చదివి అర్థం చేసుకోవడంలోనూ మెరుగ్గా ఉన్నారు. పత్రాల గొడవలో పడితే సిలబస్ పోతుందని భయపడేవాళ్ళకు ఇది గట్టి సమాధానమే. కాకపోతే ఐదు స్కూళ్ళ అనుభవం, శిక్షణ పొందిన టీచర్లతో నడిచిన ప్రయోగం. ప్రతి తరగతికీ అదే వర్తిస్తుందని చెప్పడానికి చాలదు.

కాదనేవాళ్ళ మాటలోనూ బలముంది

డేనియల్ విలింగ్‌హామ్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు గట్టి అభ్యంతరమే చెబుతారు. నేర్చుకునే దశలో ఉన్నవాడి ఆలోచన, నిపుణుడి ఆలోచన ఒకే బాటలో నడవవు అని వాళ్ళ వాదన. చరిత్రకారుడు ప్రశ్న అడగగలుగుతున్నాడంటే వెనక ముప్ఫై ఏళ్ళ చదువుంది. 1769లో వర్జీనియా ఒక కాలనీ అనీ, అక్కడి డబ్బు పౌన్లూ షిల్లింగులనీ తెలియని పిల్లాడికి శాండీ ప్రకటన ఇస్తే, వాడు ఊహాగానాలే చేస్తాడు. నేను ఈ మాటను తేలిగ్గా తీసుకోను. పాఠ్యపుస్తకంలోని ఇరవై పేజీలు ముందు చదివిన తరగతికీ, ఏమీ చదవని తరగతికీ అదే ప్రకటన ఒకేలా అర్థం కాదు. పత్రాలు పుస్తకానికి బదులుగా వస్తే పిల్లలు తేలిపోతారు, పుస్తకం తర్వాత వస్తే పుస్తకాన్నే నిలదీస్తారు.

భాష మరో గోడ. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ ఇవాళ్టి పిల్లలకు, అరసున్నలూ బండి ఱలూ నిండిన పాత తెలుగు పుస్తకం మన పిల్లలకు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. వైన్‌బర్గ్, డెయిజీ మార్టిన్ ఇద్దరూ 2009లో ఒక ప్రతిపాదన చేశారు. పత్రాన్ని కుదించండి, కష్టమైన మాట సులభం చేయండి, అసలు ప్రతి కూడా పక్కనే ఉంచండి, లేకపోతే చదవడం రాని పిల్లలు ఈ చదువు నుంచే బయటపడిపోతారు అన్నారు. మాటలు మార్చాక అది ఇంకా మూలపత్రమేనా అని అడిగేవాళ్ళున్నారు. రెండు వైపులా న్యాయముంది. నా మటుకు, మార్చినట్టు స్పష్టంగా చెప్పి అసలు స్కాన్‌ను ఒక్క క్లిక్ దూరంలో ఉంచితే మార్పు వల్ల వచ్చే నష్టం కన్నా లాభమే ఎక్కువ.

చేతిరాత సంగతి చెప్పనక్కర్లేదు. గొలుసుకట్టు రాత చదవలేని తరం పెరిగిపోయింది. నేషనల్ ఆర్కైవ్స్ పాత చేతిరాతల్ని టైపు చేసి పెట్టే స్వచ్ఛంద సేవకుల కోసం అడుగుతూనే ఉంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2018లో బై ద పీపుల్ అని ఇలాంటిదే మొదలుపెట్టింది. పిల్లలు కూడా అందులో చేరి ఒక పేజీ టైపు చేయొచ్చు, ఆ పేజీ ఆ తర్వాత వెతికేవాళ్ళందరికీ దొరుకుతుంది.

వెతుకుడు పెట్టెలో ఏ మాట కొట్టాలి?

మన పిల్లలకు ఇది సూటిగా తగిలే చిక్కు. అమెరికాకు మొదట వచ్చిన భారతీయుల గురించి ప్రాజెక్టు చేయాలని క్రానిక్లింగ్ అమెరికాలో ఇండియన్ అని కొడితే వచ్చేదంతా అమెరికా ఆదివాసుల గురించే. ఇండియన్ అమెరికన్ అంటే ఆనాటి పత్రికల్లో ఆ మాటే లేదు. కొట్టాల్సినది హిందూ. మతంతో పనిలేకుండా, సిక్కులనూ ముస్లిములనూ కలిపి, ఆనాటి పత్రికలు మన ఉపఖండం వాళ్ళందరినీ హిందూ అనే పిలిచాయి, ఒక్కోచోట వేరే స్పెల్లింగుతో. 1907 సెప్టెంబర్ 4న వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో రంపపు మిల్లుల్లో పనిచేసే మనవాళ్ళను గుంపులు తరిమికొట్టాయి. వాళ్ళలో ఎక్కువమంది సిక్కులు. పత్రికల శీర్షికల్లో మాత్రం హిందువులే. ఆ మాట తెలియకపోతే ఆ సంఘటనే దొరకదు.

అదే దారిలో వెళితే భగత్ సింగ్ తింద్ కేసు వస్తుంది. ఆయన మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశారు. వలస వచ్చినవాళ్ళు పౌరులు కావాలంటే తెల్లవాళ్ళై (1870 తర్వాత ఆఫ్రికా మూలాలవాళ్ళైనా) ఉండాలనే 1790 నాటి చట్టపు షరతు అప్పటికి ఇంకా ఉంది. శాస్త్రవేత్తల లెక్క ప్రకారం తాను కాకేసియన్ జాతివాడినని తింద్ వాదించారు. 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కాదంది. మామూలు మనిషి వాడుకలో తెల్లవాడంటే ఎవరో అదే లెక్క అని జస్టిస్ జార్జ్ సదర్‌ల్యాండ్ రాశారు. తీర్పు పాఠం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాని పక్కన సాడాలో ఉన్న వైష్ణో దాస్ బగాయ్ కుటుంబపు కాగితాలు పెట్టండి. 1921లో పౌరుడైన ఆయన, ఈ తీర్పు తర్వాత పౌరసత్వం పోగొట్టుకున్నారు, 1928లో ప్రాణం తీసుకున్నారు. తీర్పు భాష చల్లగా ఉంటుంది. బగాయ్ కాగితాలు చదివాక ఆ చల్లదనం ఎవరి ఇంట్లోకి వెళ్ళిందో పిల్లలకు తెలుస్తుంది. గ్రీన్‌కార్డు వరుసల గురించి ఇంట్లో రోజూ వినే మన పిల్లలు ఈ తీర్పును ఎంత శ్రద్ధగా చదువుతారో నేను చూశాను.

వెతుకుడులో యంత్రం చేసే తప్పు ఇంకొకటుంది. స్కాన్ చేసిన బొమ్మను కంప్యూటర్ అక్షరాలుగా మార్చేటప్పుడు తడబడుతుంది. పాత అచ్చులో ఎస్ అక్షరం చాలాచోట్ల ఎఫ్‌లా ఉంటుంది, దాంతో కాంగ్రెస్ అన్న మాట కాంగ్రెఫ్స్ అయిపోతుంది. వెతికితే సున్నా ఫలితాలు వచ్చాయంటే ఆ సంగతి పత్రికల్లో రాలేదని కాదు.

తెర మీదది అసలుది కాదు, ఎప్పటికీ ఉండేదీ కాదు

2025 ఆగస్టులో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నడిపే రాజ్యాంగం సైటులో మొదటి అధికరణంలోని ఎనిమిదో సెక్షన్‌లో కొంత భాగం, తొమ్మిది, పది సెక్షన్లు మొత్తం మాయమయ్యాయి. హెబియస్ కార్పస్, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే హక్కు, దాని ప్రస్తావన ఉన్నది ఆ తొమ్మిదిలోనే. జనం గమనించి గగ్గోలు పెట్టారు. కోడింగ్ పొరపాటని లైబ్రరీ చెప్పింది, వెంటనే సరిచేసింది. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న తోలుకాగితానికి ఏమీ కాలేదు. అయినా ఆ రోజు ఎవరైనా పిల్లాడు సైటులోంచి కాపీ చేసుకుని ఉంటే, వాడి దగ్గర ఉన్న రాజ్యాంగంలో ఆ హక్కు లేదు. అందుకే ముఖ్యమైన పత్రానికి రెండు చోట్ల ప్రతులు చూడమంటారు.

డబ్బు కూడా పెద్ద ప్రశ్న. క్రానిక్లింగ్ అమెరికా వెనక ఉన్న పత్రికల స్కానింగ్ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ద హ్యుమానిటీస్ భాగస్వామ్యంతో నడిచింది. 2025 ఏప్రిల్‌లో ఆ సంస్థ ఇచ్చిన గ్రాంట్లు ఎన్నో రద్దయ్యాయి. అదే ఏడాది మార్చిలో మ్యూజియంలలో అమెరికా చరిత్రను ఎలా చూపాలన్న దాని మీద అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. 2021 నుంచి చాలా రాష్ట్రాలు జాతి గురించి తరగతిలో ఏం చెప్పవచ్చో పరిమితులు పెట్టాయి. ఈ వాతావరణంలో కొందరు టీచర్లకు మూలపత్రమే రక్షణ. "నేను చెప్పడం లేదు, జెఫర్సన్ చెబుతున్నారు" అనొచ్చు. ఆ రక్షణ సగమే పనిచేస్తుంది, ఎందుకంటే వేల కాగితాల్లోంచి ఈ రెంటినే ఎంచింది టీచరే. సంప్రదాయవాద తల్లిదండ్రులు దీన్ని పట్టుకుంటే అది అన్యాయమేమీ కాదు. ఎందుకు ఈ పత్రాలు, ఇంకేవి వదిలేశారు అని పిల్లల ముందే చెప్పగలిగిన టీచరే వాళ్ళకు జవాబు చెప్పగలరు.

32 ఏళ్ళ జీతం

ఆ ఆదివారం సాయంత్రం ఏడు పత్రాలు పక్కన పెట్టి, ఆ అమ్మాయికి ఎనిమిదోది చూపించాను. 1865 ఆగస్టు 7న ఒహాయోలోని డేటన్ నుంచి, ఒకప్పుడు బానిసగా ఉన్న జోర్డన్ ఆండర్సన్ రాయించిన ఉత్తరం. అప్పట్లో పత్రికల్లో అచ్చయింది. టెనెసీలోని పాత యజమాని కల్నల్ పీ.హెచ్. ఆండర్సన్ మళ్ళీ పనికి రమ్మన్నాడు. జోర్డన్ ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. మీ మాట ఎంత నిజమో పరీక్షించాలనుకున్నాం, ముందు మా పాత జీతం పంపండి అన్నాడు. నేను మీ దగ్గర 32 ఏళ్ళు పనిచేశాను, నెలకు 25 డాలర్ల చొప్పున. నా భార్య మాండీ 20 ఏళ్ళు, వారానికి రెండు డాలర్ల చొప్పున. మొత్తం 11,680 డాలర్లు. వడ్డీ కలపండి. మా బట్టల ఖర్చు, నాకు మూడుసార్లు వచ్చిన డాక్టరు ఫీజు, మాండీకి పన్ను పీకించిన ఖర్చు తీసేయండి. చివర్లో జార్జ్ కార్టర్‌కు నమస్కారాలు చెప్పమన్నాడు, మీరు నా మీద కాలుస్తుంటే పిస్తోలు లాక్కున్నందుకు.

అమ్మాయి ఫోన్ తీసి లెక్క వేసింది. 9,600, 2,080. "కరెక్టే అంకుల్" అంది. కాసేపు ఆగి, "కానీ ఇది నిజంగా ఆయనే చెప్పాడని ఎలా తెలుసు? చదువు రాని మనిషి కదా. పేపర్ వాళ్ళు కల్పించి ఉండొచ్చుగా?"

ఆ అనుమానం ఆనాటి నుంచీ ఉంది. ఉత్తరంలో ఒక ఆనవాలు ఉంది. డబ్బు వీ. వింటర్స్ పేరు మీద పంపమన్నాడు. డేటన్‌లో వాలెంటైన్ వింటర్స్ అనే బ్యాంకరు నిజంగా ఉన్నారు. అక్కడి నుంచి జనగణన పుస్తకాలకు వెళ్ళాం. 1900 పుస్తకంలో డేటన్‌లో జోర్డన్ ఆండర్సన్, భార్య అమండా, అదే మాండీ, ఉన్నారు. మనుషులు కల్పితం కాదు. మాటలు ఎంతవరకు జోర్డన్‌వి, ఎంతవరకు రాసిపెట్టినవాళ్ళవి అన్నది జనగణన చెప్పదు. అమ్మాయి తన నోట్సులో పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు తెలిసినవి, కుడివైపు తెలియనివి రాసుకుంటూ కూర్చుంది. వాళ్ళమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఆ పన్ను పీకించిన సంగతి ఎవరైనా కల్పిస్తారా?" అన్నారు. ఆ మాట ఎడమవైపు రాయాలా, కుడివైపా అని తల్లీకూతుళ్ళు చాలాసేపు వాదించుకున్నారు.